గుంటూరులో మేము నలుగురము

గుంటూరు అనగానే ఎవరికైనా మిరపకాయ జ్ఞాపకం వస్తుంది. మాకు మాత్రం ఒక ఖాళీ హార్లిక్సు సీసా జ్ఞాపకం వస్తుంది. కళాశాల రోజుల గురించి ఏదైనా రాయండి అని సంపాదకులు అడిగినప్పుడు, సరదా సంగతులు నాలుగు రాసి పంపిద్దామనుకున్నాము. రాయడానికి కూర్చుంటే ఆ సీసా అడ్డు వచ్చింది. దానిని దాటి రాయడం మా చేత కాలేదు.

ఇందులో 'మేము' అన్నచోటల్లా కొంచెం సర్దుకొని చదవండి. రాస్తున్నది ఒక్కరే. అయినా ఆ రోజుల సంగతి 'నేను' అని రాయబోతే కలము సాగడం లేదు. తిన్నా, చదివినా, తిట్లు తిన్నా నలుగురము కలిసే. ఒక్కరుగా చేసిన పని ఒక్కటీ గుర్తు లేదు.

మేము గుంటూరు చేరినది 1996 జులై నెలలో. మాది రేపల్లె అవతల కాలువ గట్టున ఉన్న ఒక పల్లె. ఆ ఏడు మా సంఘంలో ఇంటర్మీడియట్ ప్యాసయినది మేమొక్కరమే కనుక, ఆదివారపు ఆరాధన అయ్యాక అయ్యగారు ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం డబ్బులో నుండి రెండు వందల రూపాయలు కవరులో పెట్టి ఇచ్చారు. పిడికెడు బియ్యమంటే తెలియనివారు ఈ పత్రిక చదివేవారిలో తక్కువే. పట్నంలో పెరుగుతున్న పిల్లల కోసం చెబుతున్నాము. ఎసట్లో పోయబోయే బియ్యంలో నుండి ప్రతి పూటా ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం దానిని గుడికి తెచ్చి పోస్తారు. కూలికి పోయి వచ్చి, పొయ్యి ముట్టించే ముందు మా ఊరి తల్లులు తీసిన పిడికెళ్ళు అవి. పదిహేడేళ్ళ వయసులో ఆ సంగతి మా బుర్రకు ఎక్కలేదు. రెండు వందలంటే ఎన్ని సినిమాలవుతాయో లెక్క వేసుకున్నాము. దాచిపెట్టుకోవడమెందుకు, అదే నిజం.

రేకు పెట్టె, చాప చుట్ట, అమ్మ పెట్టిన మాగాయ జాడీ, వెనుక నాన్నగారు. రేపల్లె బండి తెనాలి మీదుగా గుంటూరు చేరేసరికి జాడీ మూత ఊడి, పెట్టె మీద నూనె కారింది. ఆ మరక మూడేళ్ళూ పోలేదు. దానిని బట్టే మా పెట్టె ఏదో గుర్తు పట్టేవారము.

ఆంధ్ర క్రైస్తవ కళాశాల గురించి మా నాన్నగారు దారి పొడుగునా చెప్పుకొచ్చారు. అమెరికా నుండి వచ్చిన హయ్యరు దొరగారు 1842 జులై 31న గుంటూరులో అడుగుపెట్టారు. అప్పటి కలెక్టరు స్టోక్సుగారు ఆయనను ఆదరించి ఇక్కడ పని మొదలుపెట్టించారు. వెంటనే బడులు తెరిచారు, ఆడపిల్లలకు కూడా. ఆయన నాటిన లూథరను మిషను చేతుల మీదుగానే 1885లో కళాశాల మొదలైంది. డాక్టరు అన్నా కుగ్లరమ్మగారు 1883లో వచ్చి, 1898లో స్త్రీలకు ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. 'మీ నాయనమ్మ కాన్పు అక్కడే అయింది, నేను పుట్టినది కుగ్లరు ఆసుపత్రిలోనే' అని నాన్నగారు రైలు పెట్టెలో ఉన్నవారందరికీ వినబడేలా చెప్పారు. మాకు సిగ్గు వేసింది. ఎన్.టి. రామారావుగారు చదివింది ఆ కళాశాలలోనే అన్న మాట మాత్రం శ్రద్ధగా విన్నాము.

మేము ఉన్నది కళాశాలకు నడిచి వెళ్ళే దూరంలో ఒక చిన్న హాస్టలు. గదికి నలుగురు. అక్కడ ఎవరికీ సొంత పేరు ఉండేది కాదు. ఊరి పేరే పేరు. మొదటి రోజు హాజరు పుస్తకంలో తప్ప మా పేర్లు మళ్ళీ పరీక్ష హాలులోనే వినబడ్డాయి. మమ్మును 'రేపల్లె' అనేవారు. కిటికీ పక్క మంచం 'పొన్నూరు'ది, తలుపు దగ్గర 'మంగళగిరి'. మూలన, ఫ్యాను గాలి తగలని చోట 'వినుకొండ'. అప్పుడు ఈ నాలుగు ఊళ్ళూ ఒక్క గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ నుండి మా రేపల్లె బాపట్ల జిల్లాలోకి, వినుకొండ పల్నాడు జిల్లాలోకి వెళ్ళిపోయాయి. ఇప్పుడు మా నలుగురినీ కలిపి రాయాలంటే మూడు జిల్లాల పేర్లు రాయాలి.

మెస్సు సంగతి చెప్పకుండా ఏ హాస్టలు విద్యార్థీ తన కథ ముగించలేడు. పొద్దున ఇడ్లీ, అది ఎంత గట్టిదంటే మంగళగిరి దానితో గోడకు మేకు కొడతానని పందెం కాశాడు. మధ్యాహ్నం పప్పుచారు, అందులో పప్పు కోసం వెతుకులాట. బుధవారం గోంగూర. ఆదివారం ఆరాధన నుండి వచ్చేసరికి కోడికూర వాసన వీధి మలుపులోనే ఎదురొచ్చేది. ఆ రోజు ప్రసంగం పది నిమిషాలు ఎక్కువైతే మాలో ఎవరికీ వాక్యం ఎక్కేది కాదు. ఇప్పుడు ప్రసంగ పీఠం మీద నిలబడి చివరి బల్లల మీద కదులుతున్న కుర్రవాళ్ళను చూసినప్పుడల్లా ఆ కోడికూర గుర్తుకు వచ్చి త్వరగా ముగిస్తుంటాము. మా సంఘస్థులు దీనిని మా మంచితనం అనుకుంటున్నారు.

ఇంటి నుండి వచ్చిన పచ్చడి ఎవరిదైనా నలుగురిదీ. అది గది చట్టం. రేపల్లె మాగాయ పదిహేను రోజులకు అయిపోతే పొన్నూరు ఆవకాయ అందుకునేది. వినుకొండ ఇంటి నుండి వచ్చేది ఒకటే, కందిపొడి. వాళ్ళమ్మ ఎండుమిరపకాయలు వేసి రోట్లో దంచి పంపేది. వేడి అన్నంలో ఆ పొడి వేసి నూనె చుక్క పోసుకుంటే మెస్సు కూర వైపు చూడబుద్ధి అయ్యేది కాదు.

మొదటి నెల బ్రాడీపేటలో తప్పిపోయాము. ఆ పేటలో వీధులకు పేర్లు లేవు, అంకెలు. ఇటు లైన్లు, అటు అడ్డరోడ్లు. నాలుగో లైను అంటే తెలుస్తుంది. నాలుగో లైనులో ఎన్నో అడ్డరోడ్డో చెప్పకపోతే సాయంత్రం దాకా తిరగాల్సిందే. అన్నీ ఒక్కలాగే ఉండేవి, ప్రతి మలుపులో ఒక ట్యూషను బోర్డు, ఒక టీ కొట్టు. వినుకొండ మాత్రం ఏనాడూ తప్పిపోలేదు. మెట్ట పొలాల్లో గట్టు గుర్తు పెట్టుకొని నడిచినవాడు గనుక, ఏ మూల వేపచెట్టు ఉందో, ఏ ఇంటి ముందు నీలిరంగు గేటు ఉందో చూసుకొని పోయేవాడు. మేము వాడి వెనుక నడిచేవారము.

శంకర్‌విలాస్ సెంటరు దాకా నడక, అక్కడ నుండి అరండల్‌పేట. పాత పుస్తకాల కొట్లలో గంటలు గంటలు నిలబడి చదివి, కొనకుండా వచ్చేవారము. ఒక కొట్టాయన ఓపిక పట్టి పట్టి, 'బాబూ, ఆ పుస్తకం ఇంకెన్ని రోజుల్లో అవుతుంది? బేరం వచ్చింది' అన్నాడు ఒకసారి. ఫిబ్రవరి వస్తే మిర్చి యార్డుకు లారీలు బారులు తీరేవి. గాలి అటు నుండి వీచిన రోజు తరగతి గదిలో ఒకరు తుమ్మితే అందరూ తుమ్మేవారు, పాఠం చెప్పే మేష్టారితో సహా. ఇక మేలో ఆ ఊరి ఎండ సంగతి మేము చెప్పనక్కరలేదు.

వినుకొండకు గంభీరమైన గొంతు ఉండేది. మాట్లాడితే వినబడదు, పాడితే కిటికీ రెక్కలు అదిరేవి. 1996 డిసెంబరులో క్రిస్మస్ పాటల బృందంలో మా నలుగురినీ వేసుకున్నది వాడి గొంతు కోసమే. మేము ముగ్గురము లాంతరు పట్టుకోవడానికి, కానుకల డబ్బా మోయడానికి. రాత్రి పదకొండుకు బయలుదేరి, కొత్తపేట వీధుల్లో ఇల్లిల్లూ తిరిగి, తెల్లవారు జామున నాలుగింటికి చేరేవారము. ప్రతి ఇంటా కాఫీ, కేకు ముక్క. మూడో ఇంటికే పొట్ట నిండిపోయేది. పొన్నూరు కేకు ముక్కలు జేబులో దాచి, చీమలు పట్టించి, చొక్కా పాడు చేసుకున్నాడు.

ఇక హార్లిక్సు సీసా. అది పొన్నూరు ఇంటి నుండి వచ్చింది, అమ్మగారు నెయ్యి పోసి పంపారు. నెయ్యి అయిపోయాక కడిగి అటక మీద పెట్టాము. నెల మొదట ఎవరికి మనియార్డరు వస్తే వారు పది, పదిహేను అందులో వేయాలి. జ్వరం వస్తే మందులకు, ఎవరైనా ఊరి నుండి వస్తే భోజనానికి, ఏడాదికొక విహారయాత్రకు. తీయాలంటే నలుగురము చెయ్యెత్తాలి. ఈ నియమం పెట్టింది వినుకొండ.

మనియార్డరు తెలియని పిల్లలు ఇప్పుడు ఇళ్ళల్లో ఉన్నారు. ఆ పాత మనియార్డరు 2015లో ఆగిపోయింది. పోస్టుమాను వచ్చి సంతకం పెట్టించుకొని, నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. ఆ కాగితం అడుగున చిన్న జాగాలో ఇంటివారు రెండు ముక్కలు రాసేవారు. 'అందరము క్షేమము. ఆరోగ్యము జాగ్రత్త. దుబారా చేయకుము.' నెలకు ఒకసారి నాన్నగారి గొంతు ఆ రెండు వరుసల్లోనే వినబడేది.

మాది కాలువ కింది ఊరు. విజయవాడ దగ్గర 1855లో కృష్ణకు ఆనకట్ట కట్టినప్పటి నుండి మా తాతముత్తాతలు నీటి కోసం ఆకాశం వైపు చూడటం తగ్గింది. కౌలు రైతు ఇంట పుట్టినా, సంక్రాంతి నాటికి నాలుగు బస్తాలు ఇంటికి వచ్చేవి. కనుక మా మనియార్డరు అయిదో తారీకు దాటేది కాదు. వినుకొండ వాళ్ళది మెట్ట. సాగర్ కాలువ నీరు వాళ్ళ పొలం దాకా రాదు. వాళ్ళ నాన్న మూడెకరాలు కౌలుకు తీసుకొని పత్తి వేసేవాడు. కౌలు డబ్బు ముందే కట్టాలి. విత్తనాలు, ఎరువు, పురుగుమందు కొట్టువాడి దగ్గర అప్పు. పత్తి కూడా ఆ కొట్టువాడికే తోలాలి, ధర అతడు చెప్పిందే. ఇదంతా మాకు అప్పుడు తెలియదు. ఒకే జిల్లా, ఒకే గది, ఒకే కందిపొడి, తెలుసుకోవాలని తోచలేదు. స్కాలర్‌షిప్పు వస్తుంది గదా అనుకునేవారము. బి.సి.-సి సర్టిఫికెట్టు పెట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగిన తండ్రులు ఈ చదువరుల్లో చాలామంది ఉన్నారు. ఎంత వచ్చేదో, ఎప్పుడు వచ్చేదో వారికి మేము చెప్పాలా?

రెండో సంవత్సరంలో మా తెలుగు మేష్టారు గుర్రం జాషువా పాఠం మొదలుపెట్టారు. 1941లో వెలువడిన 'గబ్బిలం' నుండి కొన్ని పద్యాలు. గుడిలోనికి రానివ్వని ఒక పేదవాడు తన మొరను శివునికి చెప్పిరమ్మని గబ్బిలాన్ని పంపుతాడు. జాషువా 1895లో పుట్టినది వినుకొండలో. ఆ మాట మేష్టారు చెప్పగానే తరగతి మొత్తం వెనుదిరిగి మా వినుకొండ వైపు చూసింది. ఆ రోజు నుండి వాడు మొదటి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. జాషువాగారు చివరిదాకా ఉన్నది గుంటూరులోనే అని, 1971లో ఇక్కడే కన్నుమూశారని, 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానం వచ్చినది 'క్రీస్తు చరిత్ర'కని గదిలో మాకు పాఠం చెప్పేవాడు. రాత్రి దీపం ఆర్పాక పద్యం అందుకునేవాడు. ఆ గొంతుకు పక్క గదివారు గోడ మీద గుద్దేవారు.

1997-98 పంట కాలం పత్తి రైతుకు ఎలాంటిదో పల్నాటి పెద్దలను అడగండి. అదను తప్పిన వానలు, వాటి వెనుక పురుగు. ఎన్ని మందులు కలిపి కొట్టినా చావని పురుగు. వరంగల్లులో, మన గుంటూరు జిల్లాలో రైతులు ఆ పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్నారు. పత్రికల్లో రోజూ వార్త వచ్చేది. హాస్టలు వరండాలో పత్రిక చదివేవారము, అయ్యో అనుకునేవారము, చివరి పేజీలో క్రికెట్టు చూసేవారము. మా గదిలో మూల మంచం మీద పడుకున్నవాడు పత్తి రైతు కొడుకని గుర్తుకు వచ్చింది కాదు.

ఇప్పుడు తలచుకుంటే ప్రతిదీ కనబడుతుంది. వాడు నవంబరు నుండి పొద్దున టిఫినుకు రావడం మానేశాడు. ఆకలి లేదనేవాడు. కందిపొడి రావడం ఆగిపోయింది. వాళ్ళమ్మకు చెయ్యి బాగాలేదన్నాడు. క్రిస్మస్‌కు ఊరికి వెళ్ళలేదు. పాటల బృందం కోసమే ఉండిపోయాడని మేము గొప్పగా చెప్పుకున్నాము. సీసాలో మాత్రం జనవరి వంతు పది రూపాయలూ వేశాడు. ఎక్కడ నుండి తెచ్చాడో ఈనాటికీ మాకు తెలియదు.

ఆ జనవరిలో, సంక్రాంతి సెలవులు అయి తిరిగి వచ్చాక, సీసా దించి లెక్కపెట్టాము. ఆరు వందల నలభై రూపాయలు. సూర్యలంక వెళదామన్నది మేమే, రేపల్లె. వినుకొండ అప్పటిదాకా సముద్రం చూడలేదు. చెయ్యెత్తమంటే నలుగురమూ ఎత్తాము. వాడి చెయ్యి కొంచెం ఆలస్యంగా లేచింది. అది మేము చూశాము. సముద్రమంటే భయమేమో అని నవ్వాము.

గుంటూరు నుండి తెనాలి, నిడుబ్రోలు, బాపట్ల. నిడుబ్రోలులో బండి ఆగితే పొన్నూరు కిందకు దిగి, ఇది మా ఊరి స్టేషను అని ప్లాట్‌ఫారం మీద దొరలా తిరిగి, బండి కదిలాక పరుగెత్తి ఎక్కాడు. బాపట్ల నుండి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. సరుగుడు తోటలు దాటి ఇసుకలోకి దిగేసరికి హోరు వినబడింది. వినుకొండ చెప్పులు విడిచి చేతిలో పట్టుకొని నిలబడిపోయాడు. చాలాసేపు నీళ్ళలోకి రాలేదు. తర్వాత దిగినవాడు బయటకు రాలేదు. మధ్యాహ్నం వేయించిన చేపలు, చద్దన్నం. సాయంత్రం ఒడ్డున కూర్చొని వాడు పాడిన పాటకు జాలరి పిల్లలు చుట్టూ చేరారు. మూడేళ్ళ చదువులో అంత మంచి రోజు మాకు మరొకటి లేదు. ఆ మాట ఈ రోజుకీ వెనక్కు తీసుకోలేము.

తిరిగి వచ్చేసరికి సీసాలో పదకొండు రూపాయలు మిగిలాయి.

పరీక్ష ఫీజుకు ఆఖరు తేదీ ఫిబ్రవరి మొదటి వారంలో. ఫీజు, రెండు నెలల మెస్సు బాకీ కలిపి వాడు కట్టవలసినది ఏడు వందల చిల్లర. మాకు ఆ సంగతి తెలిసినది తేదీ దాటిన మూడో రోజున. అప్పటికి వాడి పెట్టె సర్దేసి ఉంది. 'నాన్నకు ఒంట్లో బాగాలేదు, పొలం పని చూసుకొని వచ్చే ఏడు రాస్తా' అన్నాడు. మేము నమ్మాము, లేక నమ్మితే సుఖంగా ఉంటుందని నమ్మాము. పెట్టె మోసుకొని నలుగురము బస్టాండుకు నడిచాము. నరసరావుపేట మీదుగా వినుకొండ వెళ్ళే ఎర్రబస్సు. కిటికీలో నుండి చెయ్యి ఊపాడు. సీసాలోని పదకొండు రూపాయలు వాడి జేబులో కుక్కాము. ఆ పని చేసినందుకు అప్పుడు మా మీద మాకే గౌరవం కలిగింది. ఇప్పుడు ఆ పదకొండు రూపాయలు గుర్తుకు వస్తే తల ఎత్తబుద్ధి కాదు.

నాలుగో మంచం మీదకు వేరే ఊరివాడు వచ్చాడు. మేము 1999లో డిగ్రీ ముగించాము. కొన్నాళ్ళు తిరిగి, తర్వాత వేదాంత విద్యలో డిప్లొమా చేసి, సేవలోకి వచ్చాము. పొన్నూరు బ్యాంకులో చేరాడు. మంగళగిరి దుబాయి వెళ్ళాడు. వినుకొండకు రెండు ఉత్తరాలు రాశాము. జవాబు రాలేదు. మూడోది రాయలేదు.

2023 మే నెలలో నరసరావుపేటలో ఒక వివాహము జరిగించడానికి వెళ్ళాము. ప్రార్థన ముగిసి, భోజనాల పందిట్లోకి నడుస్తుండగా వెనుక నుండి 'ఒరేయ్ రేపల్లే!' అని కేక. ఆ గొంతును ఇరవై అయిదేళ్ళు దాటినా మరిచిపోలేము. తిరిగి చూస్తే తలపాగా చుట్టిన నల్లటి మనిషి, చేతిలో సాంబారు బకెట్టు. వడ్డిస్తున్నాడు. మా తెల్లంగీ చూసి నాలుక కరుచుకొని, 'క్షమించండి అయ్యగారూ' అన్నాడు. బకెట్టు కింద పెట్టించి కావలించుకున్నాము. అంగీ మీద సాంబారు మరక పడింది. మా ఇంటి అమ్మగారు ఆ మరక గురించి ఏమీ అనలేదు; ఆమెకు వినుకొండ ఎవరో ఎప్పటి నుండో తెలుసు.

వాళ్ళ నాన్న ఆ ఏడు బతికి బయటపడ్డాడు. అప్పు తీరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. వాడు కౌలు చేశాడు, రాతి క్వారీలో పని చేశాడు, ఇప్పుడు రెండెకరాలు సొంతం. ఒక్కతే కూతురు. 2024లో ఆ అమ్మాయి ఇంటర్మీడియట్ ముగించి, గుంటూరులోనే డిగ్రీ చదువుతానన్నదట. 'నాకు ఆ ఆఫీసుల్లో మాట్లాడటం చేతగాదయ్యగారూ, మీరు ఒకసారి రండి' అని ఫోను చేశాడు. జూన్ నెలలో ముగ్గురము వెళ్ళాము.

వాడికి దారి చూపించవలసి వస్తుందని అనుకున్నాము. జరిగినది వేరు. బస్టాండులో దిగినప్పటి నుండి వాడే ముందు నడిచాడు. 'ఇక్కడ నీలిరంగు గేటు ఉండేది. ఇదిగో ఈ మూల వేపచెట్టు, కొట్టేశారు.' టీ కొట్టు పేరు చెప్పాడు. మెస్సులో ఏ వారం ఏ కూరో వరుసగా కూతురికి చెప్పాడు. పొన్నూరు జేబులో కేకు, చీమలు. మంగళగిరి ఇడ్లీ పందెం, దానికి కాసిన డబ్బు ఎంతో కూడా. 'అయ్యగారు లాంతరు పట్టుకొని నిద్రపోతూ మురికి కాలవలో కాలేశారు' అన్నాడు. అది మేము పూర్తిగా మరిచిపోయాము. అమ్మాయి పడి పడి నవ్వింది. ఈ కథలు ఆమెకు కొత్త కావని ఆమె నవ్వులోనే తెలిసింది. మూడేళ్ళు ఉన్న మాకు రోజులన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఇరవై నెలలు కూడా నిండని వాడికి ఏ రోజుకు ఆ రోజు విడివిడిగా ఉంది.

అమ్మాయి లోపల దరఖాస్తు నింపుతుండగా బయట చెట్టు కింద కూర్చున్నాము. చెప్పవలసిన మాట ఇరవై ఆరేళ్ళుగా దాచుకున్నాము. చెప్పాము. సీసాలో ఆరు వందల నలభై ఉండింది, అది నీ ఫీజుకు దాదాపు సరిపోయేది, మేము సముద్రానికి ఖర్చు పెట్టాము, నీ మొహం చూసి కూడా అడగలేదు, అన్నాము.

వాడు కొంచెంసేపు నేల మీద పుల్లతో గీశాడు. 'నాకు తెలుసు గదా' అన్నాడు. 'సీసా దించిన రోజుకే నాన్న దగ్గర నుండి కార్డు వచ్చింది, పంపలేనని. అడుగుదామనుకున్నా. నియమం పెట్టింది నేనే. నాకోసం చెయ్యెత్తమని అడగడానికి నోరు రాలా. సముద్రానికి చెయ్యెత్తింది నేనే గదా, ఎవుర్ని అనేది?' మళ్ళీ కాసేపు ఆగి, 'మీరు అడిగుంటే మాత్రం చెప్పేవాణ్ణి' అన్నాడు.

ఆ చివరి మాట కోపంగా అనలేదు. పొలంలో నీటి సంగతి చెప్పినట్టు చెప్పాడు.

అమ్మాయి మొదటి నెల మెస్సు డబ్బు మేము కడతామన్నాము. వద్దన్నాడు. మేము విడిచిపెట్టలేదు. చివరకు సగానికి ఒప్పుకున్నాడు, అదీ పొన్నూరుకు, మంగళగిరికి చెప్పి వారి వంతులు కూడా వసూలు చేసే షరతు మీద. ఆ రాత్రే ఇద్దరికీ ఫోను చేశాము. మంగళగిరి దుబాయి నుండి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఎంత పంపాలో చెప్పు అన్నాడు.

సాయంత్రం అమ్మాయిని హాస్టలులో దింపి బస్టాండుకు వచ్చాము. అదే వైపు వెళ్ళే బస్సు. వాడు కిటికీ పక్కన కూర్చొని, బస్సు కదిలే ముందు వంగి, 'అయ్యగారూ, ఒకటి అడగాలి. మేష్టారు గబ్బిలం పాఠం సగంలో ఉండగా గదా నేను పోయినాను. ఆ తర్వాత ఏం చెప్పారు? ఆ గబ్బిలం ఆ మొర చెప్పిందా లేదా?' అన్నాడు.

మాకు గుర్తు రాలేదు. ఆ పాఠం మేము పరీక్షలో రాశాము, మంచి మార్కులు వచ్చాయి. ఒక్క ముక్క గుర్తు రాలేదు. చూసి చెబుతామన్నాము. బస్సు కదిలింది.

అరండల్‌పేటకు నడిచి, తెరిచి ఉన్న పుస్తకాల కొట్టులో 'గబ్బిలం' కొన్నాము. కొట్టు ముందే నిలబడి కొన్ని పేజీలు తిప్పాము, పాత అలవాటు. మరునాడు పోస్టాఫీసుకు తీసుకువెళ్ళి, కవరు మీద చిరునామా రాసి బల్ల మీద నుండి లోపలికి తోశాము. గుమాస్తా చూసి తిరిగి ఇచ్చాడు. 'ఊరు రెండుసార్లు రాశారు సార్, మనిషి పేరు రాయలేదు' అన్నాడు. చూస్తే నిజమే. పై వరుసలో వినుకొండ, కింది వరుసలో వినుకొండ.